సిటీవెస్ట్ ఫ్లాట్‌లో బియ్యం

ప్రభక్కా,

మేమిక్కడ క్షేమం అని రాయబోయి ఆగిపోయాను. క్షేమమే గానీ మనశ్శాంతి లేదు. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నన్నెప్పుడు పూర్తిగా చెప్పనిచ్చావు? నేను రెండు మాటలు అనేసరికి నీకు వార్డు నుంచి పిలుపొస్తుంది, లేకపోతే బీపీ చూపించుకున్నావా అని నువ్వే డాక్టరు గొంతు పెడతావు. కాగితానికి నువ్వు అడ్డు రాలేవు. స్లైగోలో వాన పడుతున్నప్పుడు తీరిగ్గా చదువుకో. అంటే ఏ రోజైనా చదువుకోవచ్చు.

డబ్లిన్‌లో మా సిటీవెస్ట్ ఫ్లాట్ సంగతి. మేము రాత్‌కూల్‌లో ఇల్లు కొనుక్కుని వచ్చేశాక దాన్ని సుధేష్ణ అనే అమ్మాయికి అద్దెకిచ్చాం. కాకినాడ వైపు పిల్ల. మొగుడు హేమచంద్ ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవాడు, విడిపోయి జర్మనీ వెళ్ళిపోయాడు. పైసా పంపడు. ఈమె ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే పని చేస్తూ, చిన్న కూతురు లోహితని పెంచుకుంటోంది. ఒక్క జీతంతో అద్దె కట్టలేక కిందటేడు హ్యాప్‌కి పెట్టుకుంది. నీకు హాస్పిటల్ తప్ప లోకం తెలియదు కాబట్టి చెబుతున్నాను. హ్యాప్ అంటే, జీతం చాలని వాళ్ళ అద్దె కౌన్సిలే నేరుగా ఓనరు ఖాతాలో వేస్తుంది. వాళ్ళు తమ వంతు వారంవారం కౌన్సిల్‌కి కట్టుకోవాలి. అది కట్టడం మానేస్తే మనకొచ్చేదీ ఆగిపోతుంది. పైగా కౌన్సిల్ ఇచ్చేదానికి ఒక హద్దుంది, మా అద్దె ఆ హద్దుకి పైన. ఆ తేడా సుధేష్ణ విడిగా నాకు పంపాలి. హ్యాప్ వాళ్ళకి ఇల్లివ్వను అనడానికి చట్టం ఒప్పుకోదు. సరే, సంతకం పెట్టాం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ ఏడాది రివ్యూలో ఆమె వంతు పెంచారు. కిందటేడు ఓవర్‌టైమ్ చేసిందట, దాన్ని కూడా ఆదాయంలో కలిపేశారట. ఆ ఓవర్‌టైమ్ ఇప్పుడు లేదట. ఈ మాటలు ఆమే చెప్పింది, గుమ్మంలో నిలబడి, నవ్వుతూ. అద్దె తగ్గించమంటుందేమోనని నేను గుండె దిటవు చేసుకుని నిలబడ్డాను. అడగలేదు. ఆ నెలా తేడా డబ్బు తప్పకుండా వచ్చింది, పై నెలా వచ్చింది. ఒక్క రోజు ఆలస్యం లేదు. నాకు అక్కడే అనుమానం మొదలైంది. వంతు పెరిగి, జీతం తగ్గిన మనిషి ఇంత ఠంచనుగా ఎలా కడుతుంది? మీ మరిది మహీధర్‌ని అడిగితే, "అద్దె రాకపోతే ఏడవాలి గానీ వస్తే ఏడుస్తావేంటి జయా?" అన్నారు. వాళ్ళ ఆఫీసులో లేఆఫ్‌ల గొడవ నడుస్తోంది, ఆయన బుర్ర ఆయన దగ్గర లేదు. ఆ ఉద్యోగం పోతే మాకు ఆ ఫ్లాటే దిక్కని ఆయనకి తోచదు.

నేను ఎప్పుడు వెళ్ళినా సుధేష్ణ గుమ్మంలోనే మాట్లాడి పంపిస్తుంది. బాయిలర్ చూడ్డానికి మనిషిని తీసుకెళ్ళిన రోజున హాల్లో కూర్చోబెట్టింది, వంటగది తలుపు మాత్రం దగ్గరగా వేసేసింది. అదే మెట్ల మీద రెండుసార్లు శాంత గారు ఎదురయ్యారు. ఆవిడ కింది అంతస్తులో ఉంటారు, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు. రెండుసార్లూ ఆవిడ చేతిలో పెద్ద స్టీలు క్యారియరు. పై నుంచి కిందికి దిగుతున్నారు. ఏంటండీ అంటే, "ఏం లేదమ్మా, ఊరికే" అని మాట తప్పించారు. ఊరికే ఎవరైనా క్యారియరు మోస్తారా?

దీనికి తోడు మా ఉజ్వల. శనివారాలు వెళ్ళి లోహిత చేత పుస్తకాలు చదివిస్తుంది. అది వచ్చి ఏమందో దాని మాటల్లోనే రాస్తాను. "మామ్, ఆంటీ వాళ్ళ ఇంట్లో రైస్ అంతా ఫుల్. దాల్ ఫుల్, ఆయిల్ ఫుల్. షీ వాజ్ టెల్లింగ్ సమ్‌వన్ ఆన్ ద ఫోన్." నువ్వు చూశావా అని అడిగాను. చూడలేదు, విన్నదట. ఇంకేం కావాలి అక్కా? తల్లీ, చిన్నపిల్లా తినే ఇంట్లో అంత సరుకెందుకు? క్యారియర్ భోజనాలు అమ్ముతోంది. ఒక పక్క కౌన్సిల్‌కి జీతం చాలదని చెప్పి, ఇంకో పక్క నా వంటగదిలో మెస్ నడుపుతోంది. పొరపాటున నూనె అంటుకుంటే ఇన్సూరెన్స్ వాళ్ళు చిల్లిగవ్వ ఇవ్వరు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదు అనుకుంటుంది చూడు, అలా ఉంది ఈమె వ్యవహారం.

ఖాళీ చేయించాలంటే కారణం చూపించాలి. సొంత మనుషులకి కావాలి అనేది ఒక కారణం. అక్కచెల్లెళ్ళ పిల్లలూ సొంతవాళ్ళ కిందకే వస్తారట, మా ఓనర్ల గ్రూపులో రామ్మోహన్ అంకుల్ చెప్పారు. మన సమీర్ డబ్లిన్‌లో కాలేజీలో చేరతాడు కదా. వాడి కోసం కావాలని రాసి ప్రమాణపత్రం ఇస్తాను. వాడు నిజంగా వచ్చి ఉంటే మరీ మంచిది, ఉండకపోయినా ఎవరూ వచ్చి మంచం కింద వెతకరు. నువ్వు ఊఁ అంటే చాలు.

నీ చెల్లెలు,
జయశ్రీ


జయా,

నీ ఉత్తరం నైట్ డ్యూటీ దిగి వచ్చి చదివాను. వాన పడుతూనే ఉంది.

సమీర్ పేరు ఇవ్వను. వాడు కాలేజీ హాస్టల్లో ఉంటాడని నీకు తెలుసు. అబద్ధపు ప్రమాణానికి నా కొడుకు పేరు అరువు అడగడానికి నీకు నోరెలా వచ్చింది? నీ మీద కోపం వచ్చింది, దాచుకోవడం దేనికి. నేను కూడా ఈ ఊళ్ళో అద్దెకున్నదాన్నేనని మర్చిపోయావు. హాస్పిటల్ మారినప్పుడల్లా ఇల్లు మారాను. కిందటేడు మా ఓనరు కూతురొస్తోందని నాకు నోటీసిచ్చాడు. ఆ కూతురు రాలేదు. ఇల్లు ఎక్కువ అద్దెకి మళ్ళీ పెట్టారు, నేను ఆ ప్రకటన చూశాను. డాక్టరుని కాబట్టి నాకు ఇంకో ఇల్లు దొరికింది. హ్యాప్ మీద ఉన్న ఒంటరి ఆడపిల్లకి డబ్లిన్‌లో ఎక్కడ దొరుకుతుందో నువ్వే చెప్పు.

ఆమె మెస్ నడుపుతోందని నీకు అంత నమ్మకమైతే నేరుగా అడుగు. "అమ్మాయ్, నీ వంటగది చూపించు" అను. అడగడానికి నీకెందుకు భయం? ఆమె నిజం చెబుతుందని భయమా?

బీపీ చూపించుకో.

ప్రభ


అక్కా,

నీ ఉత్తరం చదివి మూడు పూటలు ఉడికిపోయాను. నీ ఓనరు చేసినదానికి నన్ను బోనెక్కించావు. నీకెప్పుడూ నాలోనే తప్పు కనిపిస్తుంది. నేరుగా అడగమంటావు. దొంగని దొంగతనం చేశావా అని అడిగితే ఏం చెబుతాడు?

నువ్వు ఊఁ అనకపోయినా నా దారి నేను చూసుకున్నాను. కౌన్సిల్‌కి రాశాను. ఫలానా ఫ్లాట్‌లో ఉన్న మనిషి ఇంట్లో వంటలు చేసి అమ్ముతోందనీ, స్టీలు క్యారియర్లలో భోజనాలు బయటికి వెళ్తున్నాయనీ, బస్తాల కొద్దీ సరుకు నిల్వ ఉందనీ, ఈ ఆదాయం చూపించకుండా హ్యాప్ తీసుకుంటోందనీ రాశాను. నా పేరు పెట్టలేదు. పెట్టాల్సిన పని లేదు కదా, వాళ్ళే విచారించుకుంటారు. నిజమైతే ఆమె చేజేతులా చేసుకున్నట్టు, కాకపోతే ఆమెకి వచ్చిన నష్టమేముంది? నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదు. చూసిందీ, విన్నదీ రాశాను. బస్తాలు అన్న మాట ఒక్కటే నాది.

మహీధర్‌కి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇంతకుముందు ఆ ఫ్లాట్ వైపు వెళ్ళినప్పుడల్లా నాకు మేము ఈ దేశం వచ్చిన కొత్త రోజులు గుర్తొచ్చేవి. లువాస్ ట్రామ్ దిగి, ఉజ్వలని ఎత్తుకుని, చలిలో నడుచుకుంటూ వచ్చి ఆ తలుపు తీస్తే ఎంత ప్రాణం లేచొచ్చేదో. అదే మా మొదటి ఇల్లు అక్కా. ఇప్పుడు ఆ తలుపు నా మొహం మీదే సగం తెరుచుకుంటోంది. నా కోపం అద్దె గురించి మాత్రమే కాదు, అది నీకు అర్థం కాదు.

జయ


ప్రభక్కా,

ఈ ఉత్తరం నువ్వు ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

శనివారం మధ్యాహ్నం సుధేష్ణ ఫోన్ చేసింది. కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చిందనీ, ఒకసారి రాగలరా అనీ అడిగింది. అదే మాట రెండుసార్లు అంది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకుంటోంది అనుకుంటూ ఉజ్వలని వెంటబెట్టుకుని వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, హుషారుగానే వెళ్ళాను. ఈసారి తలుపు బార్లా తీసింది. వంటగది తలుపూ తీసే ఉంది. మనిషి చిక్కిపోయింది. ఇన్నాళ్ళూ గుమ్మంలో కోటు వేసుకుని నిలబడేది కదా, నేను గమనించలేదు.

"కూర్చోండి, టీ పెడతాను" అని స్టవ్ వెలిగించింది. నేను పోలీసులా వెనకే వెళ్ళి వంటగదిలో నిలబడ్డాను. ప్రెస్ తెరిచింది, అదే, ఇక్కడ అలమరాని అందరూ అనేది అలాగే కదా. డబ్బాలు కడిగి బోర్లించినట్టున్నాయి. ఒక డబ్బా తీసి మూత తెరిచి చూసి, మళ్ళీ పెట్టేసి, నా వైపు తిరగకుండానే అంది: "పంచదార నిండుకుందండి. లోహిత పాలల్లోకి పొద్దున్నే ఆఖరి చెంచా వేసేశాను. చప్పటి టీ తాగుతారా?"

ఉజ్వల నా మోచెయ్యి పొడిచి చెవిలో అంది. "సీ మామ్, ఐ టోల్డ్ యూ. షుగర్ కూడా ఫుల్."

అక్కా, ఫుల్ అట. బియ్యం నిండుకున్నాయి, పప్పు నిండుకుంది, నూనె నిండుకుంది. ఆమె ఫోన్లో ఎవరితోనో చెప్పుకుంటే నా కూతురు దాన్ని ఇంగ్లీషు చేసి నాకు తెచ్చిచ్చింది, నేను దాన్ని కౌన్సిల్‌కి పంపాను. మన అమ్మ జన్మలో ఏనాడైనా బియ్యం లేవు అందా? లేవు అనే మాట వంటింట్లో పలకనిచ్చేదా? ఆ మాట తెలుగు ఆడదాన్నైన నాకు తెలుసు, నా పిల్లకి తెలియదు. తెలిసే అవకాశం ఏది? మా ఇంట్లో ఎప్పుడూ ఏదీ నిండుకోదు. సగం ఉండగానే కారేసుకుని వెళ్ళి ఇంకో బస్తా తెచ్చుకుంటాం. దాని పద్నాలుగేళ్ళలో ఆ మాట వాడే అవసరమే మాకు రాలేదు.

శాంత గారి క్యారియర్ల సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ భోజనం పైకి తెచ్చి ఇచ్చేవారు. నేను చూసింది ఖాళీ క్యారియరుతో దిగుతున్నప్పుడు. కౌన్సిల్ వంతు, నాకివ్వాల్సిన తేడా ముందు తీసి పక్కన పెట్టి, మిగిలినదాంతో సుధేష్ణ ఇల్లు గడుపుతోంది. మిగలనప్పుడు కూతురికి పెట్టి తను మానేస్తోంది. "మీకు తెలిస్తే అద్దె ఎక్కడ ఆగిపోతుందోనని కంగారు పడతారని చెప్పలేదండి" అంది. వంటగది తలుపు అందుకే వేసింది.

ఇంతవరకే అయితే ఆ క్షణంలోనే కాళ్ళు పట్టుకునేదాన్నేమో. తర్వాత ఆమె కౌన్సిల్ ఉత్తరం నా చేతిలో పెట్టింది. ఎవరో ఫిర్యాదు చేశారు, బ్యాంకు కాగితాలన్నీ తెచ్చి చూపించమని ఉంది. విచారణ తేలేవరకూ హ్యాప్ ఏమవుతుందోనని ఆమె భయం. "క్యారియర్లని కూడా రాశారండి" అంది. "క్యారియర్ల సంగతి నాకూ శాంత గారికీ తప్ప ఎవరికీ తెలీదు. నా వంటగది చూసింది ఆవిడొక్కరే. పెట్టినట్టే పెట్టి ఇలా చేశారండి. నిన్న తలుపు కొట్టారు. పలికాను కాదు. లోహితని కూడా మాట్లాడొద్దన్నాను. చాలాసేపు నిలబడి, క్యారియరు గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోయారు. నేను ముట్టుకోలేదు."

ఇదంతా చెబుతూ ఏడవలేదు. నేను చప్పటి టీ తాగుతూ విన్నాను. ఛ ఛ, శాంత గారు అలాంటివారు కాదు అని ఒక్క మాట కూడా అనలేకపోయాను. ఆ మాట అంటే, మరి ఎవరు అని అడుగుతుంది కదా. వచ్చేటప్పుడు మెట్ల దగ్గర శాంత గారి తలుపు కొద్దిగా తెరిచి ఉంది. ఉజ్వల "హాయ్ ఆంటీ" అనబోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఏం చెయ్యమంటావో చెప్పు. వద్దులే, చెప్పకు, నువ్వేం చెబుతావో తెలుసు.

జయ


అక్కా,

నీకు నా ఉత్తరం అందేలోపే సుధేష్ణ దగ్గరికి వెళ్ళాను. నువ్వు చెబితే వెళ్ళాననే పేరు నాకొద్దు.

ముందు ఇంట్లో మహీధర్‌కి చెప్పాను. తర్వాత ఉజ్వలని పిలిచి నిండుకోవడమంటే ఏమిటో ఆయనే చెప్పారు. అది విని, "సో దే వర్ హంగ్రీ? అండ్ ఐ సెడ్ ఫుల్?" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. దాని తప్పేం లేదని ఎన్నిసార్లు చెప్పినా తలుపు తియ్యలేదు.

కౌన్సిల్‌కి మళ్ళీ రాశాను, ఈసారి పేరూ, ఫోన్ నంబరూ పెట్టి. నేను ఫ్లాట్ ఓనరుననీ, నేను రాసింది తప్పనీ, ఎలా తప్పో కూడా రాశాను. ఒక తెలుగు మాటకి అర్థం ఇంగ్లీషులో వివరించడానికి నాకు అర్ధపేజీ పట్టింది. కౌన్సిల్ నుంచి ఫోన్ చేసిన అమ్మాయి మర్యాదగా విని, "దట్స్ గ్రాండ్, థ్యాంక్స్ ఫర్ లెటింగ్ అస్ నో" అంది. కానీ మొదలుపెట్టిన విచారణ ఎవరి మాట మీదా ఆగదట, ఆమె కాగితాలు చూశాకే ముగిస్తారట.

తర్వాత సుధేష్ణ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. దారిలో బియ్యం కొందామా అనుకుని మానేశాను. బియ్యం చేత్తో పట్టుకుని ఆ మాట చెప్పడం నావల్ల కాదు. కూర్చోకుండానే చెప్పేశాను. "శాంత గారు కాదు సుధేష్ణా, రాసింది నేను" అన్నాను. ఎందుకు రాశానో, ఏ మాట విని రాశానో అంతా చెప్పాను. ఏడ్చాను కూడా. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. ఆమె లోహితని లోపలికి పంపించింది.

"మీకు అనుమానం రావచ్చండి" అంది. "మీరు ఓనరు. మీ ఇల్లు, మీ భయం మీది. శాంత గారు నాకు అన్నం పెట్టారు. ఆవిడని నేనెలా అనుమానించానండీ?"

అని చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి వెళ్ళింది. పైన నేనొక్కదాన్నే మిగిలాను. కింద తలుపు తీసిన చప్పుడు, ఆ తర్వాత శాంత గారి గొంతు వినిపించాయి. "పిచ్చిపిల్లా, రా లోపలికి" అన్నారు. నన్ను ఎవరూ పిలవలేదు.

తిరిగొచ్చాక ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట చెప్పాను. ఇకనుంచి తేడా డబ్బు ఇవ్వొద్దు, కౌన్సిల్ ఇచ్చేదే నాకు చాలు అన్నాను. ఆమె మొహం వెలుగుతుందనుకున్నాను, దేవుడా, ఇంత జరిగాక కూడా నేను అలా అనుకున్నాను. సుధేష్ణ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నేను మెట్ల మీద శాంత గారి క్యారియరుని చూసిన చూపు అదే అక్కా.

"ఆ మాట కాగితం మీద రాసిస్తారా అండీ?" అంది. "రేపు బాకీ ఉన్నానని నోటీసొస్తే నేనేం చూపించుకోవాలి?"

లోహిత పుస్తకంలోంచి ఒక కాగితం చింపి తనే ఇచ్చింది. రాశాను, తేదీ వేసి సంతకం పెట్టాను. రెండుసార్లు చదువుకుంది, పంచదార డబ్బా పక్కన పెట్టి ఫోన్‌తో ఫోటో తీసుకుంది. తర్వాత, నా సంతకం సరిగ్గా పడలేదని, ఇంకోసారి పెట్టమంది.

పెట్టాను.

నీ
జయశ్రీ